ఆఫ్రికా కొండకు మెట్ల పూజ

మా వియ్యపురాలు పోయి నేటికి పద్దెనిమిది రోజులు. పోయిన వారం ఈ పత్రికలో ఆ సంగతి వేశారు. "వానల కోసం నలభై రోజులు మెట్ల పూజ జరిపించిన పరమ భక్తురాలు, డోన్ వాస్తవ్యురాలు, దైవసన్నిధి చేరినది" అని. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకునే ఉంటారు. ఆమె బతికుండి చదివి ఉంటే నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేది. అందులో ఆమె పోయిందన్నది నిజం, డోన్ అన్నది నిజం. మిగిలింది నేను సరిదిద్దాలి. ఎందుకంటే ఆ మెట్లకు పసుపు రాసిన చెయ్యి నాది.

ఆ పూజ వానకు కాదు. ఆఫ్రికా ఖండంలో, టాంగనీకా దేశంలో, కిలిమంజారో అనే మంచుకొండ ఉంది. దాన్ని ఎక్కడానికి కాళ్ళు సాధకం చేసుకుంటూ ఉండింది ఆమె. వాన మాట ఎట్లా పుట్టిందో తర్వాత చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

ఆమె కొడుక్కి నా కూతురిని ఇచ్చాం. ఇద్దరివీ పక్క పక్క వీధులు. వరస ప్రకారం ఒకరినొకరం వదినా అని పిలుచుకున్నాం, వరస ప్రకారమే ఒకరినొకరం దెప్పుకున్నాం. పెళ్ళిలో మేం పోసిన పానకంలో మిరియాలు తక్కువయ్యాయని ఆమె పదకొండేళ్ళు చెప్పింది. నేను కర్నూలు మిషన్ బడిలో చదువుకున్నదాన్నని ఆమెకు కొంచెం మర్యాద, ఆమె సముద్రం దాటి వచ్చిందని నాకు కొంచెం అసూయ. ఆ రెండూ బయటికి కనబడకుండా ఇద్దరం జాగ్రత్త పడేవాళ్ళం.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె పెనిమిటి ఆఫ్రికా రైల్వేలో గార్డు. ఆ దేశంలో ఒక చిన్న స్టేషన్లో, రేకుల కప్పు వేసిన క్వార్టర్సులో ఆమె ఎనిమిదేళ్ళు కాపురం చేసింది. చుట్టూ ముళ్ళ చెట్లు, ఎర్రమట్టి. "మన కోసిగి దిక్కు పొలాల మాదిరే ఉండాది వదినా, సింహాలు తప్ప" అనేది. ఇంజన్లకు పట్టే నీళ్ళ తొట్టి దగ్గరికి ఏనుగులు వచ్చి తాగిపోయేవట. స్టేషన్ మాస్టరు తలుపు వేసుకుని లోపల కూర్చుంటే, ఈమె వంటింటి కిటికీలో నుంచి గరిటెతో రేకు తట్టి వాటిని తోలేదట. ఇందులో సగమన్నా నిజమని నేను నమ్ముతాను.

ఆ వంటిల్లు దాటి పెరట్లోకి వస్తే, ఆకాశం తేటగా ఉన్న పొద్దుటి పూట, కొండ కనబడేది. కింద అంతా మబ్బు, పైన తెల్లని తల. రోజూ బియ్యం కడిగేటప్పుడు దాన్ని చూసేది. దాని దగ్గరికి పోదామని మొగుణ్ణి అడిగితే, "వచ్చే సెలవుకు" అనేవాడు. ఎనిమిదేళ్ళలో ఆ సెలవు రాలేదు. తెల్లదొరలు, దొరసానులు మాత్రం ఆ స్టేషన్లోనే దిగేవారు. వాళ్ళకు దారి చూపేవాళ్ళు, డేరాలు మోసేవాళ్ళు, మడత కుర్చీలు మోసేవాళ్ళు. కొండ చూడడానికి కొందరు, జంతువులను చూడడానికి కొందరు. వాళ్ళకు మంచినీళ్ళు కావాల్సొస్తే ఈమె కూజా నింపి ఇచ్చేది. కూజా వెనక్కి వచ్చేది. "ఒక దొరసాని గూడా, నువ్వు పోయి చూసినావా అమ్మా అని అడగలేదు" అని నాతో ఒక్కసారే చెప్పింది. ఆ మాటలో దెప్పు లేదు. అందుకే గుర్తుంది.

తర్వాత డోన్ వచ్చారు, పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, ఆయన పోయాడు. ఆమె యాభై ఎనిమిదో ఏట, ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే చెప్పింది.

"వదినా, నేను ఆఫ్రికా కొండ ఎక్కేకి పోతాండా. నువ్వూ రావాల."

"ఏమైంది నీకు? ఎండ తగిలిందా?"

"ఎనిమిదేండ్లు అది నన్ను చూసింది. నేను రుబ్బేది, బిడ్డను కడిగేది, మొగుని మీద కోపానికి చాటున ఏడ్చేది, అన్నీ చూసింది. ఒక్క తూరి ఆడికెక్కి, ఆడ్నించి నా వంటిల్లు ఎట్ల కనపడుతుందో నేను చూడాల."

"అంత దూరం నుంచి కనబడుతుందా?"

"కనపడకపోతే కనపడదని తెలుస్తుంది గదా!"

ఊరికే అన్న మాట కాదది. అప్పటికే ఉత్తరాలు నడిచాయి. ఆ స్టేషనుకు అరటిగెలలు తెచ్చి అమ్మే మనిషి ఒకడుండేవాడు, కొండ కింది పల్లెవాడు. అతనిప్పుడు కొండ ఎక్కేవాళ్ళకు దారి చూపే పెద్ద. అక్కడి గుజరాతీ అంగడి ఆయన చేత రాయించి అతను జవాబు పంపాడు. పక్క క్వార్టర్సు ఆడవాళ్ళ దగ్గర ఈమె గుజరాతీ చదవడం, రాయడం నేర్చుకుని వచ్చింది. ఎక్కి దిగడానికి అయిదు రోజులు, సామాను మోయడానికి మనుషులు, తర్వాత మోటారులో మూడు రోజులు జంతువులను చూపడం. అతను పెట్టిన షరతులు కొన్నే: కాలికి పట్టే బూట్లు, ఉన్ని బట్టలు, చేతికర్ర. అన్నిటికంటే ముఖ్యం, మెల్లగా ఎక్కడం. నోట్లో మాట తెగకుండా ఎక్కగలిగినంత మెల్లగా. మాట తెగిందంటే అడుగు ఆపాలి.

"అందుకే నిన్ను పిలుచుకపోతాండా. నీ మాట తెగదు గదా" అంది వియ్యపురాలు.

డోన్‌లో విధవ మనిషి పొద్దునే లేచి పని లేకుండా గుట్ట ఎక్కి దిగుతుంటే ఊరు ఊరుకుంటుందా? మతి తప్పిందంటారు, లేకుంటే ఇంకేదో అంటారు. దానికి ఉపాయం ఆమే కనిపెట్టింది. ఊరి అవతల గుట్ట మీద స్వామి ఉన్నాడు, మూడు వందల చిల్లర మెట్లు. మెట్ల పూజ చేసే ఆడది ప్రతి మెట్టునూ తుడిచి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక పువ్వు పెట్టి, పై మెట్టు ఎక్కుతుంది. అంతకంటే మెల్లగా ఎవరూ కొండ ఎక్కలేరు. పైగా ఎవరూ తప్పు పట్టరు. చిక్కల్లా ఒకటే, పసుపు కుంకుమ ఆమె పట్టకూడదు. అక్కడ నేను పనికొచ్చాను. మా ఇంటాయన గుండ్రాయిలా ఉన్నాడు.

"బొట్టు నీ చెయ్యిది, నడక నా కాళ్ళది" అని ఒప్పందం. నేను వంగి బొట్టు పెడుతుంటే ఆమె పూలబుట్ట పట్టుకుని, బూట్లు కనబడకుండా చీర కుచ్చెళ్ళు కిందికి లాగుకుని పక్కన ఎక్కేది.

ఆ బూట్లు మా ఊరి చెప్పులు కుట్టే ఆయనే కుట్టాడు, ఆమెకు ఒక్క జతే; నా కొలతలు తర్వాత చూద్దామని నేనే దాటేశాను. కొలత కోసం ఆమె కాలికి దారం చుట్టుకుంటూ, "ఏమ్మా, పోలీసుల్లో చేరతావా?" అని అడిగాడు. "చేరితే ముందర నిన్నే పట్టుకపోతా, వాయిదాలు ఇన్ని పెట్టినందుకు" అంది.

ఉన్ని బట్టల సంగతి వేరే. రోకళ్ళు పగిలే వైశాఖం ఎండలో, స్వెట్టరు చాలినంత వెచ్చగా ఉందో లేదో డోన్‌లో ఎట్లా తెలుస్తుంది? ఒట్టి రైక కూడా వెచ్చగానే ఉంటుంది. ఇద్దరం కర్నూలు పోయి, ఐసు ఫ్యాక్టరీ ఆయనను అడిగి, ఐసు గడ్డలు పేర్చే గదిలో స్వెట్టర్లు తొడుక్కుని గోనెసంచుల మీద కూర్చున్నాం. అతను తలుపు సందులో నుంచి రెండుసార్లు తొంగి చూసి, "అవ్వా, ఇంట్లో ఎవురితోనన్నా కొట్లాడి వచ్చినారా?" అని అడిగాడు. ఆమె ముక్కు ఎర్రబడింది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఇంగొక స్వెట్టరు కావాల" అంది, తూకం తేలిన వ్యాపారస్తురాలిలా.

అదే ప్రయాణంలో ఒక డేరా కూడా తెచ్చాం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో సర్కారు కచేరీలు డేరాల్లో నడిచాయి కదా, రాజధాని హైదరాబాదుకు పోయాక ఒక కంట్రాక్టరు దగ్గర అవి కుప్పగా పడి ఉన్నాయి. ఒకటి అడిగి తెచ్చి మా మిద్దె మీద వేసి, దాంట్లో దూరడం, వంగి బయటికి రావడం అలవాటు చేసుకున్నాం. లోపల గుడ్డ మీద ఎవరో గుమాస్తా సిరాపెన్ను విదిలించిన మరకలున్నాయి. "పాపం, దీంట్లో మూడేండ్లు ఉడికిపోయినాడు. మనం అయిదు రోజులుండలేమా?" అనేది.

ఇక వాన మాట. పూజ మొదలుపెట్టిన ఆరో రోజో ఏడో రోజో, బావి దగ్గర ఒకామె నన్ను ఆపి, "అవ్వా, ఏం మొక్కు?" అని అడిగింది. ఆఫ్రికా అని ఎట్లా చెప్పను? ఈ ఏడు చెరువులో నెర్రెలు. నోటికి తొందరగా వచ్చింది, "వానకమ్మా" అన్నాను. మరునాడు గుట్ట కింద పన్నెండు మంది ఆడవాళ్ళు. వారం తిరిగేసరికి డోలు, సన్నాయి. వియ్యపురాలు నన్ను చూసిన చూపుకు ఐసు గదే నయం.

"మాట తెగకుండా ఎక్కమంటే, అబద్ధం తెగకుండా చెప్పినావే!" అంది పళ్ళ మధ్యనుంచి.

ముప్పై నాలుగో రోజు నిజంగానే వాన పడింది. జనం ఆమె కాళ్ళకు మొక్కారు. బూట్లు చూశారు. మొక్కులో అవి కూడా ఒక నియమం కాబోలు అనుకున్నారు.

ముప్పై ఏడో రోజు. జనం వెనక ఉన్నారు, మేం ముందు. ఏనుగు నీళ్ళ తొట్టిలో తొండం పెట్టిన కథ చెబుతోంది, నేను వందసార్లు విన్నదే. నూట తొంభై ఎనిమిదో మెట్టు. "అది తొండమెత్తి..." అంది. అంతే. నేను కుంకుమ వేలు ఎత్తి, మిగతా మాట కోసం ఆగాను. రాలేదు. తిరిగి చూస్తే బుట్ట కింద పెట్టి కూర్చుని ఉంది. పెదవులు నేరేడు రంగు. ఎడమ చెయ్యిని కుడి చేత్తో పట్టుకుని ఉంది.

కాసేపటికి ఊపిరి వచ్చింది. మొట్టమొదటి మాట, "నా కొడుకుతో చెప్పొద్దు."

"చెప్పను."

"చెయ్యి పట్టుకుని చెప్పు."

పసుపు చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను.

మోకాలు నొప్పి అని ఊరితో చెప్పి, ఆమె మిగతా మూడు రోజులు కింది మెట్టు మీదే కూర్చుంది. నేనొక్కదాన్నే ఎక్కాను. ముప్పై ఏడు రోజులు చేసింది కాళ్ళ సాధకం, ఒప్పుకుంటాను. ఆ మూడు రోజులు చేసింది మాత్రం పూజే. ఎవరి కోసమో విడమరచి చెప్పక్కర్లేదు.

నలభయ్యో రోజు సాయంత్రం అల్లుడికి చెప్పేశాను.

అతను తల్లిని కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గుండె బలహీనం, కొండ మాట తలపెట్టకూడదు అన్నారు. అతను మా ఇద్దరి పాస్‌పోర్టులూ తెచ్చి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అందులో అతని తప్పు లేదు. తల్లిని కాపాడుకోవాలనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆమె నెల రోజులు మా గుమ్మం తొక్కలేదు. వారం వారం ఆమె ఇంటి నుంచి వచ్చే చెనిక్కాయల పొడి ఆగిపోయింది. మా ఇంటాయన ఉత్త అన్నం ముందు కూర్చుని, "ఏమే, నువ్వు చేసిన మంచి పనికి శిక్ష నాకా?" అన్నాడు.

నెల దాటాక ఒకరోజు గుడ్డమూట చంకలో పెట్టుకుని వచ్చింది. మూట విప్పితే బూట్లు.

"కాలు చాపు" అంది.

తొడిగి, ముందర వేలితో నొక్కి చూసింది. "కొంచెం సందుండాది. గుడ్డ పెట్టుకో."

"నాకెందుకు ఇవి?"

"నేను కింద ఉంటా. మోటారులో కూచోని సింహాలను చూస్తా, దానికి గుండె అక్కర్లేదు. నా కొడుకును ఒప్పించే భారం నాది. పైకి నువ్వు ఎక్కు. ఎక్కి నా వంటిల్లు చూసి, దిగి వచ్చి చెప్పు."

"నా మీద కోపం పోయిందా?"

"పోలేదు" అంది, బూటు తాడు ముడి వేస్తూనే. "చెప్పింది తప్పు గాదు వదినా. నాకు చెప్పకుండా చెప్పినావే, అది తప్పు. చెయ్యి పట్టుకుని మాటిచ్చినావు. మాట తప్పేటప్పుడు గూడా వచ్చి చెయ్యి పట్టుకోవాల గదా!"

నేను ఈ వయసు దాకా చాలా పుస్తకాలు చదివాను. మాట తప్పడానికి కూడా ఒక మర్యాద ఉందని వాటిలో ఎక్కడా చదివిన గుర్తు లేదు. ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆలస్యంగా.

"ఇంగొకటి" అంది. "ఎక్కినాక కనపడకపోతే, కనపడలేదని చెప్పాల. నాకు ఇష్టమని అబద్ధం చెప్పొద్దు. వానకు చెప్పినట్ల చెప్పొద్దు."

కర్ర సంగతి అప్పుడే వచ్చింది. దారి చూపే పెద్ద, ఎక్కే మనిషి ఎత్తును బట్టి చేతికర్ర కోస్తాడట. నేల నుంచి రొమ్ము దాకా కొలిచిన నూలుదారాన్ని ఆమె ఎండాకాలంలోనే కవరులో పెట్టి పంపింది. కొలిచింది నేనే, నన్ను కొలవనీయలేదు. కర్ర కోశాననీ, పచ్చిదనం పోయేందుకు తన ఇంట్లో పొయ్యి మీద, పొగ తగిలే చోట వేలాడదీశాననీ జవాబు కూడా వచ్చింది. "అది నా ఎత్తు కర్ర. నీది నాకంటే తక్కువ. లేచి నిలబడు, దారం పట్టి కొలుస్తా" అంది.

"రేపు చూద్దాం" అన్నాను.

పొయ్యి మీద పని ఉండిందనుకుంటాను. నిజానికి భయం. అంత కొండ, ఈ వయసు, ఆమె పక్కన లేకుండా. తర్వాతి మూడు వారాల్లో ఆమె రెండు సార్లు దారం తెచ్చింది. రెండు సార్లూ రేపే అన్నాను. ఆమె మొగుడు అన్న "వచ్చే సెలవుకు"కూ, నేను అన్న "రేపు"కూ తేడా ఏమిటని ఆమె అడగలేదు. అడగకపోవడం ఆమె మంచితనం.

శ్రావణంలో ఒక గురువారం మధ్యాహ్నం విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ పోయింది. నా కూతురు మంచినీళ్ళ కోసం లోపలికి పోయి వచ్చేంతలో. నేను పరుగెత్తి వెళ్ళేసరికి చాటలో ఒక పక్క పప్పులు, ఒక పక్క పొట్టు, విడివిడిగా, కలవకుండా ఉన్నాయి. చేతిలో ఒక కాయ నొక్కి పగలగొట్టినట్టుంది, ఒలవలేదు. ఏ కొండకూ పోలేదు, ఏ చలికీ పోలేదు. మేం అంతమందిమి భయపడి ఆమెను ఏ ఇంట్లో దాచుకున్నామో ఆ ఇంట్లోనే, నీడ పట్టున పోయింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక అల్లుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తర్వాత నా పాస్‌పోర్టు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"అత్తమ్మా, పోయే ముందర రోజు మా అమ్మ ఇనప్పెట్టె తాళం తీయించింది. నన్ను పంపకపోతే మానె, నాది నీ దగ్గరే పెట్టుకో, మీ అత్తది మాత్రం ఇచ్చేయి అని చెప్పింది."

"నువ్వేమన్నావు నాయనా?"

"రేపు ఇస్తానంటి" అని మొహం తిప్పుకున్నాడు.

ఇద్దరం ఒకే మాట అన్నవాళ్ళం. ఒకరినొకరం ఏమని ఓదార్చుకుంటాం?

మా ఇంటాయనతో చెప్పాను, మార్గశిరంలో బొంబాయి నుంచి ఓడ ఉంది, ఆదోని గుజరాతీ సేటు కుటుంబం అదే ఓడలో పోతోంది, ముందు అనుకున్నట్టే వాళ్ళ తోడు ఉంటుంది, నేను పోతాను అని. ఆయన నోట్లో వక్క పక్కకు తోసి, "పో. ఆ సింహాల గతి ఏమో పాపం" అన్నాడు. ఆ మాట వింటే ఆమె తన వంతు ఇంకొకటి చేర్చేది. ఆ రెండో మాట లేక మా గుమ్మం ఖాళీగా ఉంది.

కాబట్టి పత్రికవారూ, చదువరులూ, ఆమె పేరిట వాన కథ ఇక చెప్పకండి. భక్తి ఆమెకు ఉంటే ఉండింది, అది ఆమె చూసుకుంటుంది. ఆమె కోరింది ఒక్కటే. తనను ఎనిమిదేళ్ళు చూసినదాని పక్కన నిలబడి, తనను తాను ఒక్కసారి చూసుకోవడం. అది ఇక ఆమె వల్ల కాదు. వంటింటి రేకు కప్పు కనబడుతుందో లేదో నేను చూసి వస్తాను. కనబడకపోతే, కనబడలేదనే చెబుతాను. ఎవరికి అంటే, ఆ గుట్ట మీద నూట తొంభై ఎనిమిదో మెట్టుకు.

ఇప్పుడు ఒక చిన్న పని. గుజరాతీ రాయడం వచ్చిన మనిషి మా రెండిళ్ళలోనూ ఇక లేదు. మీలో ఎవరన్నా వచ్చే బుధవారం లోపల గుంతకల్లు మీదుగా ఆదోనికి పోయేవాళ్ళుంటే, డోన్‌లో దిగి మా ఇంటికి రండి. స్టేషను వెనక వీధి, అరుగు మీద ఆడమనిషి బూట్లు ఎండబెట్టి ఉన్న ఇల్లు, ఇంకొకటి లేదు. ఒక ఉత్తరం, ఒక నూలుదారం ఇస్తాను. పత్తి బజారులో సేటు అంగడిలో ఇచ్చి, నేను రాసింది గుజరాతీలోకి మార్పించి, విమానం కవరులో ఆ దారి చూపే పెద్దకు వేయించండి. విషయం రెండు మాటలే: ఆ అమ్మ లేదు. పొగలో ఆరుతున్న కర్రను పారేయవద్దు, ఈ దారం కొలతకు కోసి ఉంచు.

నా కూతురు నిన్న నన్ను నిలబెట్టి కొలిచింది. దారాన్ని అట్ట ముక్కకు చుట్టి ఇస్తాను, విప్పకండి. దారిలో వాన తగలనీయకండి. నూలు తడిస్తే కుంచించుకుపోతుంది. అసలే నేను ఆమెకంటే రెండు వేళ్ళు పొట్టి.